పొగగొట్టంలో తేనెతుట్టె

హొళగుందలో ఆదోని దారి పట్టుకునే చోట, రేకుల కింద నడిచే ఒక మెకానిక్ షెడ్డు. నా స్కూటర్ పని మీద పోయి బెంచీ మీద కూర్చున్నాను. నాకంటే ముందొచ్చిన బండి ఒకటి గుంత మీద నిలబడి ఉంది. టర్బో డీజిల్ జీపు, ఫోర్‌వీల్ డ్రైవ్. నాలుగు చినుకులు పడితే ఇక్కడి నల్లరేగడి దారుల్లో చెప్పులు కూడా కాలితో రావు. అలాంటి రోజుల్లోనూ చేను గట్టు దాకా పోయి, పత్తి తీసే కూలీలను ఎక్కించుకుని తిరిగొచ్చే బండి అది. ఇప్పుడు తారు రోడ్డు మీదే నీరసపడుతోంది.

"మూడో గేరులో ఎంత తొక్కినా ఎత్తుకోవడం లేదు మేస్త్రీ. ఎత్తు వచ్చిందంటే రెండో గేరుకు రావాల్సొస్తాంది. క్యాట్ పీకేసి ఉత్త పైపు వేయించుకో, గాలి మాదిరి పోతాదని చెప్పినారు," అన్నాడు డ్రైవరు.

"పీకేది ఎంతసేపప్పా? నాలుగు బోల్టులు. దాన్ని ఎవరు చంపినారో ముందు చూడల్ల గదా," అన్నాడు మేస్త్రీ.

తుప్పు పట్టిన బోల్టుల మీద నూనె కొట్టి, కాసేపాగి, స్ప్యానరుకు పైపు తొడిగి తిప్పాడు. పొగగొట్టం మధ్యలో ఉబ్బెత్తుగా ఉన్న ఇనుప డబ్బా కిందికి దిగింది. దాన్ని ఎత్తి, ఒక చివర మొబైల్ లైటు పెట్టి, రెండో చివర నన్ను చూడమన్నాడు. లోపల సన్నటి చదరపు గదులు, వేల కొద్దీ, తేనెతుట్టెను కోసి అడ్డంగా పెట్టినట్టు ఉన్నాయి. వెలుతురు మాత్రం ఒక్క గది నుంచి కూడా రాలేదు. వేలు పెట్టి గీస్తే మసి ఊడొచ్చింది. పొడిగా రాలే మసి కాదది, జిడ్డుగా వేలికి అంటుకునే మసి. మేస్త్రీ తన బొటనవేలితో దాన్ని నలిపి చూసి, మాట్లాడకుండా ఇంజను వైపు పోయాడు.

ఈ అధ్యాయమంతా ఆ వేలికి అంటుకున్న జిడ్డు గురించే. ఆ డబ్బా పేరు క్యాటలిటిక్ కన్వర్టర్, డ్రైవరు క్యాట్ అన్నది దీన్నే. దాని లోపల పనిచేసేది ఉత్ప్రేరకం. రసాయన చర్య జరిపించి, తాను మాత్రం ఖర్చు కాకుండా మిగిలేదాన్ని ఉత్ప్రేరకం అంటారని బళ్లో అందరం చదువుకున్నాం. ఖర్చు కానిది చచ్చిపోయిందంటే, దాన్ని బయటి నుంచి ఏదో చంపి ఉండాలి. మేస్త్రీ అడిగిన ప్రశ్న రసాయన శాస్త్రం అడిగే ప్రశ్నే.

కాటుక, దివిటీ, డీజిల్

మసి ఎలా పుడుతుందో తెలియాలంటే ఇంట్లో కాటుక పట్టడం గుర్తు చేసుకుంటే చాలు. ప్రమిదలో ఆముదం పోసి, వత్తి వెలిగించి, మంట కొసకు తగిలేలా పళ్లెం బోర్లిస్తారు. కాసేపటికి పళ్లెం అడుగున మెత్తటి నల్లటి పొర కడుతుంది. అదే పళ్లెం బాగా పైకెత్తి పట్టుకుంటే కాటుక సరిగా పట్టదు. మంట లోపల నూనె ఆవిరికి వేడి అందుతుంది గానీ గాలి అందదు. గాలి అందని ఆవిరి వేడికి ముక్కలై, ఆ ముక్కలు ఒకదానికొకటి అతుక్కుని కర్బన రేణువులవుతాయి. పైకి పోయేకొద్దీ గాలి కలిసి, ఆ రేణువుల్లో చాలా భాగం కాలిపోతుంది. పళ్లెం అడ్డు పెట్టి మనం వాటిని కాలకముందే పట్టుకుంటాం. దసరా రాత్రి ఇదే మండలంలోని దేవరగట్టు మీద మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవంలో కర్రలతో పాటు దివిటీలు లేస్తాయి. ఆ దివిటీల మీద నల్లటి తోకలా లేచే పొగా ఇలా పుట్టిందే. నూనె ఎక్కువ, లోపలికి చేరే గాలి తక్కువ.

డీజిల్ ఇంజను లోపల జరిగేది కూడా క్షణంలో వెలిగి ఆరిపోయే దివిటీ మంటే. పెట్రోల్ ఇంజనులో ఇంధనం గాలితో ముందే కలిసిపోయి, నిప్పురవ్వకు అంటుకుంటుంది. డీజిల్‌లో నిప్పురవ్వ లేదు. గాలిని గట్టిగా నొక్కితే అది 500 డిగ్రీలు దాటి వేడెక్కుతుంది. ఆ వేడిగాలిలోకి నాజిల్ డీజిల్‌ను తుంపరగా చిమ్ముతుంది. తుంపర అంచుల్లో గాలి ఉంటుంది, నడుమ ఉండదు. ఆ నడుమనే మసి పుడుతుంది. సిలిండరులో గాలి దండిగా ఉండి, తుంపర సన్నగా ఉంటే పుట్టిన మసిలో ఎక్కువ భాగం అక్కడే కాలిపోతుంది. గాలి తక్కువైనా, నాజిల్ చిమ్మకుండా కారినా మిగిలిన మసి పొగగొట్టంలోకి వస్తుంది.

రుడాల్ఫ్ డీజిల్ ఈ ఇంజనును 1897లో పని చేయించి చూపించాడు. 1900 నాటి పారిస్ ప్రదర్శనలో ఈ రకం ఇంజను ఒకటి వేరుశనగ నూనెతో నడిచింది. వేరుశనగ పండించే మన సీమ రైతు గుర్తుపెట్టుకోదగ్గ సంగతి ఇది. ఈ ఇంజను వేరుశనగ నూనెనైనా తింటుంది. దానికి ఎప్పుడూ చాలనిది గాలి.

పోయే పొగతో తిరిగే చక్రం

ఆ గాలి కొరత తీర్చడానికి వచ్చిందే టర్బో. స్విట్జర్లాండు ఇంజనీరు ఆల్‌ఫ్రెడ్ బూకి 1905లో దీనికి పేటెంటు తీసుకున్నాడు. ఇంజను నుంచి వేడిగా, వేగంగా బయటికి పోయే పొగ వృథాగా పోతోంది కదా, దాని దారిలో ఒక చక్రం పెట్టి తిప్పుదాం అన్నది అతని ఆలోచన. అదే ఇరుసుకు రెండో చివర ఇంకో చక్రం ఉంటుంది. అది బయటి గాలిని పీల్చి, నొక్కి, సిలిండర్లలోకి తోస్తుంది. జీపు టర్బోలో ఈ చక్రం నిమిషానికి లక్ష చుట్లు దాటి తిరుగుతుంది. అంత వేగంలో ఇరుసును కాపాడేది సన్నటి ఇంజనాయిల్ పొర ఒక్కటే.

పొగ చక్రాన్ని తిప్పాలంటే చక్రానికి ముందు ఒత్తిడి ఎక్కువగా, వెనక తక్కువగా ఉండాలి. కాలువలో తూము దిగువన నీళ్లు నిండిపోతే పై నుంచి నీళ్లు జోరుగా దూకవు. తుంగభద్ర దిగువ కాలువ కింద సాగు చేసే రైతుకు ఈ మాట విడమరచి చెప్పనక్కర్లేదు. టర్బో వెనక పొగగొట్టం మూసుకుపోతే అచ్చంగా అదే జరుగుతుంది. చక్రం మందగిస్తుంది, లోపలికి గాలి తగ్గుతుంది, గాలి తగ్గితే మసి పెరుగుతుంది, పెరిగిన మసి గొట్టాన్ని ఇంకా మూస్తుంది. డ్రైవరు ఎంత తొక్కినా బండి ఎత్తుకోకపోవడానికి కారణం ఈ చక్రబంధమే.

అందుకే క్యాట్ పీకించుకున్న ప్రతి డ్రైవరూ బండి బాగైందనే చెబుతాడు. అతను అబద్ధం చెప్పడం లేదు. మూసుకుపోయిన డబ్బా తీస్తే పికప్ రాక తప్పదు. అయితే అతను పోల్చేది మూసుకుపోయిన డబ్బాతో. పోల్చాల్సింది ఆరోగ్యంగా ఉన్న డబ్బాతో. చదరపు అంగుళానికి 400 గదులున్న మామూలు తేనెతుట్టెను లెక్కేద్దాం. ఒక గది మధ్య నుంచి పక్క గది మధ్యకు 1.27 మిల్లీమీటర్లు. అందులో గోడ మందం మిల్లీమీటరులో ఆరో ఏడో వంతు. అంటే డబ్బా ముఖంలో దాదాపు ముప్పావు భాగం ఖాళీయే. పైగా గదులన్నీ తిన్నగా ఉంటాయి, మలుపులు లేవు. అలాంటి డబ్బాను దాటడానికి పొగ పడే శ్రమ స్వల్పం. అది తీసేసినందువల్ల డ్రైవరు పాదానికి తెలిసేంత బలం రాదు.

మార్కెట్ యార్డు లాంటి ప్లాటినం

డబ్బాలోకి వచ్చే పొగలో నాలుగు రకాల చెడుగులుంటాయి. సగం కాలిన కార్బన్ మోనాక్సైడ్. కాలకుండా మిగిలిన హైడ్రోకార్బన్లు; డీజిల్ పొగ ఘాటు వాసనకు ఇవీ ఒక కారణం. మసి రేణువులు, వాటి మీద అంటిన నూనె తడి. చివరగా, గాలిలోని నైట్రోజన్ అధిక వేడికి మండగా పుట్టిన నైట్రోజన్ ఆక్సైడ్లు. మంచి సంగతేమిటంటే డీజిల్ పొగలో ఆక్సిజన్ ఇంకా చాలా మిగిలి ఉంటుంది. కార్బన్ మోనాక్సైడ్‌కు ఒక్క ఆక్సిజన్ పరమాణువు తోడైతే కార్బన్ డయాక్సైడ్ అయిపోతుంది. రెండూ ఒకే గొట్టంలో పక్కపక్కనే పోతున్నా కలవవు. ఆక్సిజన్ అణువులో రెండు పరమాణువులు గట్టిగా పెనవేసుకుని ఉంటాయి. వాటిని విడదీయాలంటే చాలా వేడి కావాలి. పొగగొట్టంలో అంత వేడి ఉండదు.

ఇక్కడే ప్లాటినం అవసరం పడుతుంది. ఇది చేసే పనిని ఆదోని పత్తి మార్కెట్ యార్డుతో పోల్చుకోవచ్చు. ఊళ్లలో పత్తి ఉన్నవాళ్లున్నారు, ఎక్కడెక్కడో కొనేవాళ్లున్నారు. అందరూ ఒక్క యార్డులోకి వచ్చి నిలబడితేనే బేరం తెగుతుంది. బేరం తెగాక సరుకు పోతుంది, మనుషులు పోతారు, యార్డు యార్డులాగే ఉండి మర్నాటి బండ్లకు సిద్ధమవుతుంది. ప్లాటినం ఉపరితలం మీద కార్బన్ మోనాక్సైడ్ అణువు వచ్చి ఒకచోట వాలుతుంది. ఆక్సిజన్ అణువు వచ్చి పక్కపక్కనే ఉన్న రెండు ఖాళీల్లో వాలుతుంది. ప్లాటినం పరమాణువులు లాగిన లాగుడుకు దాని జంట విడిపోతుంది. విడిపోయిన ఒంటరి ఆక్సిజన్‌ను పక్కనున్న కార్బన్ మోనాక్సైడ్ అందుకుని, కార్బన్ డయాక్సైడ్‌గా మారి ఎగిరిపోతుంది. ఖాళీ అయిన చోట్లలోకి మళ్లీ కొత్తవి వస్తాయి.

ఇంజను చల్లగా ఉన్నప్పుడు ఇదంతా ఎందుకు జరగదు? పత్తి బండ్లు తెల్లవారకముందే వచ్చి యార్డంతా నిండిపోతే కొనేవాడికి నిలబడే చోటుండదు. తక్కువ వేడిలో కార్బన్ మోనాక్సైడ్ ప్లాటినాన్ని అలాగే కమ్మేస్తుంది. పక్కపక్కన రెండు ఖాళీలు దొరకక ఆక్సిజన్ వెనక్కి పోతుంది. సుమారు 200 డిగ్రీల దగ్గర కార్బన్ మోనాక్సైడ్ అణువులు కొన్ని వేడికి లేచిపోయి చోటిస్తాయి. ఆ చోట్లో ఆక్సిజన్ వాలుతుంది, చర్య మొదలవుతుంది, చర్యలో పుట్టిన వేడి మరిన్ని చోట్లు ఖాళీ చేస్తుంది. అంతే, డబ్బా ఒక్కసారిగా అందుకుంటుంది. ఉదయం బండి తీసి రెండు కిలోమీటర్లు పోయి ఆపేసే వాళ్ల క్యాట్ ఈ వేడి ఎప్పుడూ చూడదు. వాళ్ల డబ్బాలు తొందరగా మసి పట్టడానికి ఇదొక కారణం.

ఉత్ప్రేరణ అన్న భావానికి 1835లో పేరు పెట్టినవాడు స్వీడన్ శాస్త్రవేత్త బెర్జీలియస్. ప్లాటినం మీద కార్బన్ మోనాక్సైడ్ ఎలా మండుతుందో 1922లో ఇర్వింగ్ లాంగ్‌ముయిర్ వివరించాడు. ఆ ఉపరితలం మీద అణువులు వాలడాన్ని, కదలడాన్ని, కలవడాన్ని దగ్గర నుంచి చూపించిన గెర్హార్డ్ ఎర్ట్‌ల్‌కు 2007లో నోబెల్ బహుమతి వచ్చింది. హొళగుంద షెడ్డులో మసిబారి పడి ఉన్న డబ్బా వెనక నూట డెబ్బై ఏళ్ల ఆలోచన ఉంది.

గ్రాము మన్ను, ఇంటి స్థలమంత చోటు

యార్డు ఎంత పెద్దదైతే అన్ని బేరాలు తెగుతాయి. ప్లాటినం ఖరీదైనది, ఒక డబ్బాలో ఉండేది కొన్ని గ్రాములే. ఆ కొన్ని గ్రాములను ఎంత పలచగా, ఎంత విశాలంగా పరచగలం అన్నదే ఇంజనీరు ముందున్న సమస్య. దానికి జవాబు మన కాళ్ల కిందే ఉంది.

నల్లరేగడి వానను నెలల తరబడి ఎలా దాచుకుంటుంది? అందులోని బంకమట్టి ఖనిజం పుస్తకంలో పేజీల్లా పలచటి పొరలతో ఉంటుంది. ఆ పొరలన్నీ విడదీసి పరిస్తే, శుద్ధమైన ఖనిజంలో ఒక్క గ్రాముకు 700 చదరపు మీటర్ల దాకా వస్తుంది. సెంట్లలో చెప్పాలంటే పదిహేడు సెంట్లు. అంత చోటు మీద నీటి అణువులు అతుక్కుని ఉంటాయి కాబట్టే పైన నెర్రెలు విచ్చినా లోపల పత్తి వేరుకు తడి దొరుకుతుంది.

క్యాట్ లోపలి తేనెతుట్టె గోడల మీద పూసే అల్యూమినా పూత కూడా ఇలాంటిదే. కంటికి సున్నం పూసినట్టు ఉంటుంది. లోపల అన్నీ సూక్ష్మమైన రంధ్రాలు. గ్రాముకు 100 నుంచి 200 చదరపు మీటర్లు, అంటే రెండున్నర నుంచి ఐదు సెంట్ల ఇంటి స్థలం. లీటరు పరిమాణమున్న తేనెతుట్టెకు 150 గ్రాముల పూత ఉందనుకుందాం. గ్రాముకు 150 చదరపు మీటర్లు వేసుకున్నా మొత్తం 22,500 చదరపు మీటర్లు. ఒక చెంబులో పట్టేంత డబ్బాలో ఐదున్నర ఎకరాల చేను! ఆ చేనంతా చల్లిన విత్తనాల్లా ప్లాటినం, పల్లాడియం రేణువులుంటాయి. వాటిని మోసే తేనెతుట్టె కార్డిరైట్ అనే పింగాణీ జాతి పదార్థం. వేడెక్కినా ఇది దాదాపు సాగదు. అందుకే ఎర్రగా కాలి, వాన నీళ్లు తగిలి చల్లబడినా తేలిగ్గా పగలదు. సుత్తి దెబ్బకు మాత్రం పొడి అయిపోతుంది.

ఈ పూతలో ఇంకో పదార్థాన్నీ కలుపుతారు. సీరియం ఆక్సైడ్, అంటే సీరియా. ఆక్సిజన్ ఎక్కువున్నప్పుడు తనలో దాచుకుని, తక్కువైనప్పుడు బయటికిచ్చే గుణం దానిది. ఇంట్లో గాదె లాంటిది. హైదరాబాద్‌లోని భారతీయ రసాయన సాంకేతిక సంస్థ, అంటే ఐఐసీటీలో బెంజరం మహిపాల్ రెడ్డి, ఆయన సహచరులు ఏళ్ల తరబడి ఈ సీరియా మిశ్రమాల మీదే పనిచేశారు. సీరియాలో జిర్కోనియం లాంటి మూలకాలు కలిపితే ఆక్సిజన్ ఇచ్చిపుచ్చుకోవడం ఎలా పెరుగుతుందో, డీజిల్ మసి తక్కువ వేడికే ఎలా కాలుతుందో పరిశోధించారు. ఆ సీరియం దొరికే మోనజైట్ ఖనిజం మన కోస్తా తీరపు ఇసుకలోనే ఉంది. పొగ శుభ్రపరిచే విద్యకు కావలసిన బుర్రా, మట్టీ రెండూ తెలుగు నేలకు కొత్తవి కావు.

మసినీ నైట్రోజన్ ఆక్సైడ్లనూ ఈ డబ్బా ఒక్కటే ఆపలేదని కూడా చెప్పాలి. మసి మీది నూనె తడిని ఇది కాల్చేస్తుంది. నడుమ ఉన్న కర్బన గింజ చాలా వరకు దాటిపోతుంది. ఆ గింజలను పట్టడానికి ఇంకో తేనెతుట్టె కావాలి. అందులో పక్కపక్క గదులను ఒకటి ముందు, ఒకటి వెనక మూసేస్తారు. పొగ గోడల గుండా వడపోసుకుని పోవాల్సిందే. దీన్నే డీపీఎఫ్ అంటారు. పట్టిన మసిని అప్పుడప్పుడు సుమారు 600 డిగ్రీల వేడికి కాల్చి శుభ్రం చేసుకుంటుంది. 2020 ఏప్రిల్ 1న దేశమంతటా బీఎస్-6 కాలుష్య ప్రమాణాలు వచ్చాక డీజిల్ కార్లు, జీపులకు ఇది మామూలైంది. నైట్రోజన్ ఆక్సైడ్ల కోసం కొన్ని బండ్లలో యూరియా నీళ్లు చిమ్మే ఏర్పాటు కూడా ఉంటుంది.

ఎవరు చంపారు?

మళ్లీ షెడ్డుకు వద్దాం. మేస్త్రీ ముందు తెల్లటి బనియన్ గుడ్డ తీసుకుని టర్బో నుంచి ఇంజనుకు గాలి తీసుకుపోయే రబ్బరు గొట్టం విప్పి లోపల తుడిచాడు. గుడ్డ నూనెతో తడిసింది. ఆ గొట్టంలో గాలి తప్ప ఏదీ ఉండకూడదు. తర్వాత టర్బో చక్రాన్ని రెండు వేళ్లతో పట్టుకుని అటూ ఇటూ కదిపాడు. వేళ్లకు తెలిసేంత వదులుంది. ఇంకో మెట్టు వెనక్కి పోయి ఎయిర్ ఫిల్టరు డబ్బా క్లిప్పులు తీశాడు. ఫిల్టరు మడతల్లో రేగడి దుమ్ము గట్టకట్టి ఉంది. నేల మీద తడితే గుప్పెడు రాలింది.

నేరం మొత్తం బయటపడింది. ఎండాకాలం చేల దారుల్లో తిరిగిన బండి ఫిల్టరు మూసుకుపోయింది. ముందు గాలి దొరకక టర్బో చక్రం గట్టిగా పీల్చింది. ఆ పీల్పుకు ఇరుసు చుట్టూ ఉన్న ఆయిల్ కూడా సీలు దాటి గాలి గొట్టంలోకి వచ్చింది. ఎత్తు ఎక్కి దిగిన వెంటనే ఇంజను ఆపేసే అలవాటు ఇరుసును అప్పటికే అరగదీసింది. ఎర్రగా కాలిన టర్బోకు ఆయిల్ ఆగిపోతే, లోపల నిలిచిన ఆయిల్ మాడి గట్టిపడుతుంది. ఆపే ముందు ఒక్క నిమిషం ఐడిల్‌లో ఉంచితే ఈ ముప్పు ఉండదు. కారిన ఆయిల్ సిలిండరులో సగం సగం మండింది. అటు గాలి తక్కువై మసి, ఇటు ఆయిల్ జిడ్డు. రెండూ కలిసి తేనెతుట్టె ముఖాన్ని మెత్తేశాయి. ఇంజనాయిల్‌లో అరుగుదల తగ్గించడానికి కలిపే భాస్వరం, జింకు బూడిదై ఆ ఐదున్నర ఎకరాల చేను మీద గచ్చు పోసినట్టు పరుచుకున్నాయి.

చంపేవి ఇంకా ఉన్నాయి. కారే నాజిల్, చిల్లు పడిన ఇంటర్‌కూలర్ గొట్టం, పొగలో కొంత ఇంజనులోకి తిరిగి పంపే ఈజీఆర్ వాల్వు తెరుచుకుని బిగుసుకుపోవడం, కిరోసిన్ కలిసిన డీజిల్. గంధకం పాత శత్రువు. బీఎస్-3 డీజిల్‌లో పది లక్షల భాగాలకు 350 భాగాల దాకా గంధకం ఉండనిచ్చేవారు. 2017 ఏప్రిల్ 1 నుంచి దేశమంతటా అది 50కి, 2020లో 10కి దిగింది. గంధకం అంతగా తగ్గాకే ఈ నాజూకైన డబ్బాలు పల్లె దారుల్లో ఏళ్ల తరబడి బతకడం సాధ్యమైంది.

ఇప్పుడు ఆలోచించండి. ఆ రోజు డబ్బా పీకేసి పైపు వేసి పంపి ఉంటే ఏమయ్యేది? బండి ఎత్తుకునేది. డ్రైవరు సంతోషంగా పోయేవాడు. ఫిల్టరు అలాగే మూసుకుని, టర్బో అలాగే ఆయిల్ కారుతూ ఉండేది. కొన్ని నెలలకు ఇరుసు ముక్కలై ఆ లోహం ఇంజనులోకి పోయేది. కారిన ఆయిల్‌నే డీజిల్‌గా తాగి, తాళం తీసినా ఆగకుండా ఇంజను విపరీతమైన వేగంతో పరుగెత్తే ప్రమాదం కూడా ఉంది. మూసుకుపోయిన డబ్బా పైనున్న జబ్బును చెబుతున్న సాక్షి. సాక్షి నోరు మూయిస్తే జబ్బు పోదు.

పీకేస్తే ఎవరు పీలుస్తారు?

డబ్బా తీసేసిన బండి పొగ పరీక్షలో నెగ్గవచ్చు. డీజిల్ బండికి పొల్యూషన్ సర్టిఫికెట్ ఇచ్చేటప్పుడు చూసేది పొగ ఎంత నల్లగా ఉందన్నదే. క్యాట్ ముఖ్యంగా కాల్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, హైడ్రోకార్బన్ ఆవిర్లు కంటికి కనబడవు. కాగితం మీద పాస్ అయిన బండి ఊపిరితిత్తుల్లో ఫెయిల్ కావచ్చు. కార్బన్ మోనాక్సైడ్ రక్తంలోని హీమోగ్లోబిన్‌ను ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. డీజిల్ పొగ మనిషికి క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2012 జూన్‌లో తేల్చి, దాన్ని మొదటి వర్గంలో చేర్చింది. పొగాకు పొగ ఉన్న వర్గం అది.

ఈ పొగ అందరికంటే ముందు పీల్చేది ఆ బండిలో ఉన్నవాళ్లే. వెనక తలుపు లేని జీపు ముందుకు పోతుంటే దాని వెనక గాలి పలచబడి సుడి తిరుగుతుంది. ఆ సుడి పొగగొట్టం చివర ఉన్న పొగను లోపలికి లాక్కుంటుంది. వెనక సీట్ల మీద ఎదురెదురుగా ఇరుక్కుని కూర్చునేది ఎవరు? పత్తి తీయడానికి పోయే ఆడకూతుళ్లు, బడికి పోయే పిల్లలు, సుగ్గి పనులకు వలస పోయి మూటలతో తిరిగొచ్చే కుటుంబాలు. ఆదోని చేరేసరికి తల నొప్పి అనేవాళ్లలో కొందరికి కారణం ఎండ కాకపోవచ్చు. డబ్బా ఉన్నప్పుడు వాళ్లకు అందే విషం ఒక లెక్క, తీసేశాక ఇంకో లెక్క. ఆ తేడా డ్రైవరుకు స్టీరింగ్ దగ్గర తెలియదు.

చట్టం కూడా స్పష్టంగానే ఉంది. తయారీదారు ఇచ్చిన రూపాన్ని యజమాని ఇష్టం వచ్చినట్టు మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను చెబుతుంది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షను ప్రకారం అలా మార్చిన యజమానికి ఆరు నెలల దాకా జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు. కాలుష్య ప్రమాణాలు తప్పితే 190వ సెక్షను కింద 10,000 రూపాయల దాకా జరిమానా ఉంది. బీఎస్-6 బండ్లలోనైతే కంప్యూటరే కాపలా. డబ్బాకు ముందూ వెనకా ఉన్న సెన్సర్ల లెక్క తప్పితే డ్యాష్‌బోర్డు మీద లైటు వెలుగుతుంది, బండి బలం తగ్గించుకుంటుంది.

ఇంకో మాట చెప్పకపోతే అన్యాయమవుతుంది. కొత్త డబ్బా ఖరీదు ట్రిప్పుల మీద బతికే మనిషికి భారమే. దాని బరువు తెలియకుండా నీతులు చెప్పడం సులువు. అందుకే చావకుండా కాపాడుకోవడం ముఖ్యం. దుమ్ము దారుల్లో తిరిగే బండికి ఫిల్టరు కంపెనీ చెప్పిన గడువు కంటే ముందే చూసుకోవాలి. ఉత్త మసి మాత్రమే పట్టిన డబ్బా, పైనున్న జబ్బు నయమయ్యాక, లోడు మీద పెద్ద రోడ్డెక్కి ఒక గంట పోతే ఆ వేడికే చాలావరకు శుభ్రపడుతుంది. కమ్మీ పెట్టి పొడిచినా, ఆమ్లం పోసి కడిగినా పూత పోతుంది, చేనంతా పోయినట్టే. మార్చక తప్పకపోతే పాత డబ్బాను షెడ్డులో వదిలేసి రావద్దు. అందులోని ప్లాటినం, పల్లాడియం తిరిగి తీయగలిగిన లోహాలు, వాటికి ధర ఉంది. బాగా తిరిగొచ్చిన బండిని ఎండు చొప్ప మీద, పత్తి కట్టె మీద నిలపొద్దు. డబ్బా వేడికి అవి అంటుకోగలవు.

మళ్లీ బిగించిన రోజు

వారం తర్వాత స్కూటర్ తెచ్చుకోవడానికి పోతే ఆ జీపు మళ్లీ గుంత మీదే ఉంది. టర్బో ఇరుసు, బేరింగు మార్చారు. గాలి గొట్టాలన్నీ కడిగి ఆరబెట్టారు. పాత తేనెతుట్టె నడుమ కరిగి ముద్దయింది కాబట్టి దాన్ని బతికించలేకపోయారు. కొత్త డబ్బా అట్టపెట్టెలోంచి తీసి, బిగించే ముందు మేస్త్రీ డ్రైవరు చేతిలో పెట్టాడు. అతను దాన్ని ఆకాశం వైపు ఎత్తి ఒక కన్ను మూసి చూశాడు. ఇటు నన్నూ చూడమని ఇచ్చాడు. వేల గదుల్లోంచి ఎండ, ఒక్కటీ మూసుకోకుండా, గళ్ల పంచె నేతలా కనబడింది.

"ఇది మళ్లీ మూసుకున్నాదనుకో, దీన్ని తిట్టొద్దప్పా. పైకి పోతా చూసుకో," అన్నాడు మేస్త్రీ బోల్టు బిగిస్తూ.

డ్రైవరు ఏమీ అనలేదు. డబ్బులిచ్చి బండెక్కబోయి ఆగాడు. దిగొచ్చి, బానెట్ ఎత్తి, ఎయిర్ ఫిల్టరు క్లిప్పులు తన చేత్తో తీసి లోపలికి చూశాడు. మళ్లీ మూసి, క్లిప్పులు సరిగా పడ్డాయో లేదో నొక్కి చూసుకుని, హొళగుంద వీధిలోకి బండి తిప్పుకున్నాడు.